పాలపిట్టల అంచు, కొత్త కార్డు

షావుకారూ, మా పాలపిట్టల అంచు ఎత్తుకుపోయిన దొంగవు నువ్వే. ఎత్తుకొచ్చిన చెయ్యి జితేందర్‌ది కావచ్చు, ఎత్తుకురమ్మన్న నోరు నీది. గద్వాల నడిబజారులో "అసలు చేనేత" అని బోర్డు పెట్టుకుని, ఎక్కడో మరమగ్గాల మీద గుట్టలుగా నేయించిన చీరలు అమ్ముతున్నావు. అది చాలలేదు నీకు. మా వీధి మగ్గాలు ఈ పెళ్లిళ్లకు పెట్టుకున్న ఒక్క ఆశనూ గుంజుకున్నావు. జరిగింది జరిగినట్టు, ఊరంతా చదివేలా రాస్తున్నాను. అబద్ధమైతే వచ్చి నా ముందు నిలబడి చెప్పు.

మా ఇంట్లో ఒక పాత కంప్యూటర్ ఉంది. తెర లేదు, కీబోర్డు లేదు. మగ్గం గదిలో మూలన పీట మీద కూర్చుని ఉంటుంది. దాన్ని సర్వర్ అంటాం. నేను ల్యాప్‌టాప్‌లో గీసిన అంచులూ, వీధిలోని ముసలమ్మల పెట్టెల్లోంచి తీసిన పాత చీరలు చూసి ఎక్కించిన నమూనాలూ అన్నీ అందులోనే ఉంటాయి. ఏ మగ్గానికి ఏది కావాలన్నా కేబుల్ మీద అందులోంచే తీస్తాను. ఇదంతా నాకెవరూ నేర్పలేదు. విప్పి, పాడుచేసి, మళ్లీ బిగించి నేర్చుకున్నాను.

పాలపిట్టల అంచు దసరాకు ముందే గీయడం అయిపోయింది. అంచు పొడవునా పిట్టలు వరసగా పైటకొంగు వైపు ఎగురుతుంటాయి. మా వీధి మగ్గాలన్నీ ఈసారి పెళ్లిళ్లకు అదే నేయాలని అనుకున్నాం. మొదటి చీర బయటికొచ్చేదాకా ఎవరికీ చూపించకూడదని మాట తీసుకున్నాం.

దసరా నాడు పనిముట్లకు పసుపు కుంకుమ పెడతాం. మగ్గానికి, నాడెలకు, రాట్నానికి పెట్టి, మా అత్త జోగులమ్మ సర్వర్‌కు కూడా పెట్టింది. అదీ పనిముట్టే కదా.

మర్నాడు ల్యాప్‌టాప్‌కు సర్వర్ కనిపించలేదు. కేబుల్ మార్చాను, లాభం లేదు. రౌటర్‌లో ఇంకో రంధ్రంలో పెట్టాను, అదే తీరు. సర్వర్ వెనక కేబుల్ దూరే చోట చిన్న పచ్చదీపం ఉంటుంది. వెలిగితే లైను కలిసినట్టు. అది ఒకసారి మిణుకుమని ఆరిపోతోంది. అంటే కేబుల్ మంచిదే, రౌటర్ మంచిదే, లోపలి నెట్‌వర్క్ కార్డు దగ్గరే తేడా ఉంది. ఆ రోజే మగ్గానికి కొత్త పడుగు, అంటే నిలువు దారాలు, ఎక్కిస్తున్నాం, ఇంటిల్లిపాదీ దాని మీదే ఉన్నాం. బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే జితేందర్‌ను పిలిచాను.

వచ్చాడు. ఫోన్ లైటు వేసి ఆ రంధ్రంలోకి చూశాడు. చూసి నవ్వాడు. ఆ నవ్వు అప్పుడు నాకు అర్థం కాలేదు.

"అక్కా, బోర్డే కాలింది. కార్డు బోర్డుల్నే ఉంటది గదా. షాపుకు తీస్కపోయి కొత్త కార్డు ఎక్కిస్త."

"డిస్కులు పీకి ఈడ పెట్టిపో."

"డిస్కు లేకుంటె కార్డుకు డ్రైవర్ యాడ ఎక్కియ్యాలక్కా? జర నన్ను నమ్మరాదూ!"

నమ్మాను. వారం తర్వాత తెచ్చిచ్చాడు. వెనక కొత్త కార్డు, దానికి కొత్త పచ్చదీపం. పని చేసింది. కానీ మధ్యాహ్నం కాగానే నత్తలాగా పాకేది. ఒక్క ఫైలు తెరవాలంటే చీర మడత పెట్టేంతసేపు. జితేందర్‌కు ఫోన్ చేశాను.

"కొత్త కార్డక్కా, సెట్టయ్యేదాంక గట్లనే ఉంటది."

"కార్డేమన్న కొత్త చెప్పులారా, తొడుగుతుంటె సాగేందుకు?"

నవ్వి పెట్టేశాడు.

అప్పటికి మొదటి పాలపిట్టల చీర మగ్గం మీద జానెడు కూడా కాలేదు. ఒకరోజు అత్త బజారు నుంచి రొప్పుకుంటూ వచ్చింది. చేతిలో కూరగాయల సంచి కూడా లేదు, ఎక్కడో వదిలేసింది.

"పిల్లా, మన పాలపిట్టలు సావుకారి అద్దాల పెట్టెల ఉన్నయే!"

చెప్పులు వేసుకోకుండానే పరుగెత్తాను. నిజమే. నీలం చీర మీద నా పిట్టలు. రెక్క మీద నేను వేసిన మూడు గీతలు కూడా అలాగే ఉన్నాయి.

"సావుకారీ, ఈ అంచు యాడిది?"

"హైదరాబాద్‌ల మా డిజైనర్ గీసిండమ్మా. కొంటవా?"

"మంచిగనే గీసిండు. గని పిట్టలు ఎనకకు ఎగురుతున్నయేంది?"

షావుకారు చీర వైపు చూశాడు. పిట్టలు పైటకొంగుకు వీపు పెట్టి కుచ్చిళ్ల వైపు పారిపోతున్నాయి. ఎందుకో నాకు తెలుసు. మా వీధిలో చీరను బోర్లా నేస్తాం, ముఖం నేల వైపు ఉంటుంది. అందుకే అంచును కంప్యూటర్లో అద్దంలో చూసినట్టు తిప్పి గీస్తాను. మరమగ్గం ముఖం పైకి నేస్తుంది. నేసిన చీరను చూసి గీసినవాడైతే పిట్టలు సరిగ్గా ఎగిరేవి. ఫైలు ఎత్తుకుపోయినవాడి పిట్టలే ఇట్లా వెనక్కి ఎగురుతాయి.

"దసరా నాడు పాలపిట్ట ఎదురొస్తె శుభమంటరు. పెండ్లిపిల్ల పైట మీదికెల్లి పిట్టలు పారిపోతుంటె ఎవరు కట్టుకుంటరు సావుకారీ? జర మీ డిజైనర్‌కు చెప్పు, తిప్పి వేయమని."

కొట్లో ఉన్న ఆడవాళ్లు నవ్వారు. షావుకారు నవ్వలేదు. నేను గుమ్మం దిగకముందే ఫోన్ తీశాడు.

ఇంటికొచ్చి సర్వర్ ముందు కూలబడ్డాను. అన్నాలవేళ, మగ్గాలు ఆగి ఉన్నాయి. ల్యాప్‌టాప్ మూసేశాను. ఇంట్లో ఫోన్లన్నీ ఆపేశాను. అయినా కొత్త కార్డు దీపం పిచ్చెక్కినట్టు కొట్టుకుంటోంది. ఎవరూ అడగనప్పుడు ఇది ఎవరికి వడ్డిస్తోంది? సర్వర్‌కు తెర తగిలించి చూశాను. జితేందర్ అందులో ఒక దొంగ ప్రోగ్రామ్ పెట్టి వెళ్లాడు. మేము అన్నానికి కూర్చున్నప్పుడు అది బయటికి తలుపు తెరుస్తుంది. నేను ఏ నమూనా దాచుకున్నా వాడి షాపుకు పోతుంది. మధ్యాహ్నం నత్తనడక అందుకే.

మరి కాలిపోయిందన్న బోర్డు? పాత రంధ్రంలోకి లైటు వేసి చూశాను. ఎర్రగా ఉంది. తడి పసుపు, కుంకుమ కలిసి సన్నటి తీగల మీద గట్టిగా పేరుకున్నాయి.

"అత్తా, బొట్టు యాడ పెట్టినవ్ దీనికి?"

"ఎనకాల తీగలున్నయి గదా, అదే మొఖమనుకున్న. నిండుగ పెట్టిన."

కరెంటు తీసి, సూది వేసే ముందు పూసే స్పిరిట్‌తో పాత పళ్లబ్రష్ పెట్టి తోమాను. ఆరనిచ్చి కేబుల్ పెట్టాను. పచ్చదీపం నిలకడగా వెలిగింది. బోర్డు ఎన్నడూ కాలలేదు. బొట్టు పెట్టిన అత్తది తప్పు కాదు. అది చూసి నవ్వి, అదే సందుగా మా కొంపలో దూరినవాడిది తప్పు.

నా మొగుడు తిరుపతి మగ్గం గుంతలోంచి లేచి వచ్చాడు. "ఆ కార్డు పీకి పారెయ్, మాలతీ. నేను పోయి వాని బొక్కలిరగ్గొట్టొస్త."

"ఇప్పుడే పీకను. నోరు తెరుసుకోని కూసున్నోనికి అన్నం పెట్టకపోతె పాపం గదా."

అసలు నమూనాలన్నీ వేరే డిస్కులోకి తీసి బీరువాలో పెట్టి తాళం వేశాను. సర్వర్‌లో ఒకే ఒక్క కొత్త అంచు ఉంచాను. దానికి "పెండ్లి పాలపిట్టలు, చివరిది" అని పేరు పెట్టాను. ఈసారి పిట్టల కింద ఒక తీగ గీశాను. మన అక్షరాలు ఎట్లాగూ గుండ్రంగా తీగలాగే ఉంటాయి. కొమ్ములను ఆకులు చేశాను, సున్నలను మొగ్గలు చేశాను. ఎప్పటిలాగే అద్దంలో చూసినట్టు తిప్పి గీశాను కాబట్టి తెర మీద అది ఉత్త తీగే. షావుకారు ఈసారి తిప్పి నేయిస్తాడు. తిప్పమని చెప్పింది నేనే కదా.

కేబుల్ మళ్లీ కొత్త కార్డుకే పెట్టాను, మర్నాడు అన్నాలవేళకు దాని దీపం కొట్టుకుంది. వడ్డన అయిపోయింది. అప్పుడు ఆ దొంగ ప్రోగ్రామ్ చెరిపి, పీకాను కార్డు.

పెళ్లిళ్లు మొదలయ్యాక షావుకారు కొట్లో కొత్త చీరలు దిగాయి. నేను కొట్టు ఎదురుగా టీ బండి దగ్గర నిలబడ్డాను. ధరూర్ నుంచి అంజమ్మ అనే ఆమె కూతురి పెళ్లిచీరకు వచ్చింది. షావుకారు చీర పరిచాడు. పెళ్లికూతురు అంచు మీద వేలు పెట్టి జరుపుతూ ఆగింది.

"అమ్మా, ఈడేందో రాసుందే. ఇది... దొంగ... సొత్తు."

"డిజైన్ అమ్మా అది," అన్నాడు షావుకారు.

"డిజైన్‌కు మంచిగనే సదువొచ్చే!" అంది అంజమ్మ. చీర ఈ కొస నుంచి ఆ కొస దాకా లాగింది. "ఇది దొంగ సొత్తు. ఇది దొంగ సొత్తు. ఓ తల్లీ, పొడుగూత ఇదే పాట!"

రోడ్డు మీద ఆటోలు ఆగాయి. ఒక్కో చీరా విప్పి చదివారు. నేను రెండో టీ చెప్పుకున్నాను.

మర్నాడు షావుకారు మా వీధికొచ్చాడు. వెనక జితేందర్, హెల్మెట్ కూడా తీయకుండా.

"మాలతమ్మా, మనం మనం ఒక్కటి. ఇంగ మీ వీధి చీరలన్ని నేనే కొంట. ఈ ముచ్చట ఈడనే వదిలెయ్."

"హెల్మెట్ తియ్యిరా జితేందర్. నీ మొఖానికి గుడ బొట్టు పెడుత."

అత్త నిజంగానే కుంకుమ భరిణ తెచ్చింది. ఇద్దరూ బండెక్కి పోయారు.

నవ్వుకున్నాం. కానీ అక్కడితో అయిపోలేదు. ఎందుకంటే నిన్న మా మొదటి పాలపిట్టల చీర మగ్గం దిగింది. తీసుకుపోయి చూపిస్తే వనపర్తి కొట్టువాడు చేత్తో కూడా ముట్టలేదు. "ఆ పిట్టలా? అవి మరమగ్గం చీరలు గదమ్మా, గద్వాలల లొల్లయింది గదా" అన్నాడు. మేము నేసింది నకలైంది, నువ్వు దొంగిలించింది అసలైంది.

అందుకని షావుకారూ, విను. ఆ బోర్డు ఇప్పుడే దించు. మిగిలిన చీరలన్నీ మా వీధికి మోసుకొచ్చి, నీ చేత్తో, నీ కొట్టు కత్తెరతో, అందరి ముందు అంచులు కోసెయ్. జితేందర్ తన షాపులోని డిస్కు తెచ్చి మా గడపలో పగలగొట్టాలి. ఆ తర్వాత నువ్వు వనపర్తికీ, నాగర్‌కర్నూలుకూ, ఆ చీరలు పంపిన ప్రతి కొట్టుకూ పోయి, పాలపిట్టల అంచు గద్వాల మగ్గాలది, నేను దొంగిలించాను అని నీ నోటితో చెప్పాలి. గద్వాల నేతన్నలారా, అది జరిగేదాకా ఈ మనిషికి ఒక్క చీర కూడా అమ్మకండి. ఎవరి ఇంట్లోనైనా జితేందర్ ఎక్కించిన కార్డు ఉంటే, ఈ రోజే పీకి తీసుకుని నా దగ్గరికి రండి.