వందకి ముగ్గురు

తలకు దెబ్బ తగిలి వచ్చేవాళ్ల కోసం ఉంచే ట్రే సర్దుతున్నాడు జ్ఞానయ్య. సెలైన్ సీసా, మూర్ఛ రాకుండా వేసే ఇంజెక్షను, వాటి పక్కన స్టెరాయిడ్ మందున్న నాలుగు గాజు ఆంప్యూళ్లు. ఏలూరులోని ఆ నర్సింగ్ హోమ్‌లో కాంపౌండరుగా ఇరవై తొమ్మిదేళ్ల నుంచీ రోజూ పొద్దున అతను చేసే మొదటి పని ఇదే. బక్క మనిషి, వేళ్లు మాత్రం పొడుగు. ఎవరికీ దొరకని నరం అతనికి దొరుకుతుంది. జ్ఞానయ్య హస్తవాసి మంచిదని నలుగురూ అంటారు. వినీ వినీ పాపం అతనూ నమ్మేశాడు.

"ఆ స్టెరాయిడ్ తీసెయ్యండి జ్ఞానయ్యగారూ," అన్నాడు పోయినేడు చేరిన డాక్టర్ నరసరాజు. "తల దెబ్బలకి ఇంక వెయ్యొద్దు."

"స్టాకుందండీ ఇంకా."

"స్టాకు గురించి కాదండీ. దేశదేశాల్లో తల దెబ్బ తగిలిన పదివేల మందిని పరీక్షించి చూశారు. సగం మందికి వేశారు, సగం మందికి వెయ్యలేదు. వేయించుకున్నవాళ్లే ఎక్కువ పోయారు. వందకి ముగ్గురు ఎక్కువ."

జ్ఞానయ్య ఒక ఆంప్యూల్ తీసి, మళ్లీ ట్రేలోనే పెట్టాడు. దెబ్బ తగిలాక మెదడు వాస్తుందనీ, ఆ వాపుకు బాగున్న కణాలు కూడా చస్తాయనీ, వాటిని కాపాడేది ఈ మందేననీ పాత డాక్టరుగారు నేర్పారు. ఆ మాటను అతను బైబిలు వాక్యంలా పట్టుకున్నాడు.

"ఆ ముగ్గురూ ఎవరండీ?" అన్నాడు.

"అది ఎవరూ చెప్పలేరండీ."

ఏడేళ్ల కిందట, తొంభై ఎనిమిదిలో, తమ్ముడు వెస్లీని ఇక్కడికే మోసుకొచ్చారు. చేపల లారీలు కార్చిన ఐసు నీళ్లకు కొల్లేటి గట్టు మీద మోపెడ్ జారి తలకు దెబ్బ తగిలింది. పాత డాక్టరుగారు అప్పటికింకా ఆస్పత్రికి రాలేదు. అందరికీ ఒక ఆంప్యూల్ వేసే జ్ఞానయ్య, తమ్ముడని రెండు వేశాడు. మూడో రోజు వెస్లీ పోయాడు. ఇవాళే చర్చిలో అతని జ్ఞాపకార్థ కూటం.

ఆ పూటంతా జ్ఞానయ్యకు ఏమీ తోచలేదు. ఒకామెకు కుడిచేతికి వేయవలసిన సూది ఎడమచేతికి వేశాడు. ఒక్కొక్కటి వేస్తే వందకి ముగ్గురైతే, రెండు వేస్తే ఎంతమంది? వేయకపోతే వెస్లీ బతికేవాడా? మరి ఆ మందే వేయించుకుని బతికి, బజార్లో కనబడితే నమస్కారం పెట్టేవాళ్ల సంగతేమిటి? అన్నం డబ్బా తెరిచి మళ్లీ మూశాడు.

మధ్యాహ్నం కలిదిండి బస్సు దిగి వెస్లీ భార్య హెప్సిబా వచ్చింది. రొయ్యల షెడ్డులో పనిచేసి ఆమె వేళ్లు నాని తెల్లబడిపోయాయి. ఏటా బావగారిని వెంటబెట్టుకునే కూటానికి వెళుతుంది. అక్కడ లేచి ఏటా ఒకే సాక్ష్యం చెబుతుంది. బావగారు వెంటనే సూది వేయబట్టే మూడు రోజులైనా తన మనిషి తనకు దక్కాడనీ, కళ్లు తెరిచి ఒక్కసారి తనను పేరు పెట్టి పిలిచాడనీ.

"బయల్దేరదామా బావగారూ?" అంటూ బల్ల మీద కూర్చుంది.

"ఇవాళ ఆ సాక్ష్యం చెప్పొద్దమ్మా," అన్నాడు జ్ఞానయ్య. "ఆ మందు మంచిది కాదంట. దాంతో ఎక్కువమంది పోతున్నారంట. వాడికి నేను రెండేశానమ్మా."

హెప్సిబా ఒళ్లో ఉన్న కాగితపు పొట్లాన్ని రెండు చేతులా పట్టుకుంది.

"మరి ఆయన నన్ను పేరెట్టి పిలిచారు కదండీ. అది సూది వల్ల కాదాండీ?"

"తెలీదమ్మా."

"అయితే ఆయన పోయింది సూది వల్లేనాండీ?"

"అదీ తెలీదమ్మా." చెప్పేసరికి ఏడుపు ఆగలేదు. ఆమె మాత్రం ఏడవలేదు.

"నేను ముందెళ్తానండీ," అని లేచింది. మీరూ రండి అనలేదు. జ్ఞానయ్య గుమ్మం దాకా వెళ్లి చూశాడు. చర్చి కుడివైపు. హెప్సిబా ఎడమకు, బస్టాండు వైపు తిరిగింది.

వెనక్కి వస్తే, ఆమె కూర్చున్నచోట కాగితంలో చుట్టిన కొత్త పంచె కనబడింది. తమ్ముడి పేరున ఏటా ఈ రోజు ఆమె తనకు పెట్టేదే. మరిచిపోయిందో, పెట్టి వెళ్లిందో, చేతికివ్వడం ఇష్టంలేక వదిలేసిందో అతనికి అర్థం కాలేదు. షాపువాళ్లు కట్టిన పురికొస ముడి అలాగే ఉంది. కాగితం మీద ఆమె వేళ్లు పట్టుకున్నచోట చెమట ఇంకా ఆరలేదు.