నీళ్ళ మీద తిరిగిన తేనెటీగలు

పెద్ద వరద వచ్చిన ఏడు కాదు. దాని తర్వాత చిన్న వరద వచ్చిన ఏడు.

అకేసియా తోపు పూత మీద ఉంది. గాలి నిండా తెల్లని తీపి వాసన. చెక్కగోడలో రొద.

గోడకి అటు తేనెటీగలు. ఇటు మంచం.

ఇలారీ ఆ గోడకి చెవి ఆనించి పడుకుంటాడు. అతని భార్య సవేతా అటు తిరిగి పడుకుంటుంది.

బండే ఇల్లు. లారీ వెనక తగిలించే పొడుగాటి పాత బండి. రెండు పక్కలా అరల్లో తేనెపెట్టెలు, చివర ఒక గది. గదిలో పొయ్యి, మంచం, ఒక కిటికీ. కప్పు మీద సోలారు పలక — ఒక దీపానికి, ఒక రేడియోకి చాలుతుంది. కరెంటు తీగ లేదు. కుళాయి లేదు. ఊరు లేదు.

పూత ఎక్కడుంటే ఊరు అక్కడ.

ముందు డాన్యూబ్ నది ఒడ్డున అకేసియా. తర్వాత గుట్టల మీద లిండెన్ చెట్లు. ఆ తర్వాత పొద్దుతిరుగుడు చేలు. ఇరవై ఏళ్ళుగా అంతే.

ఒక్కో పెట్టె గుమ్మానికి ఒక్కో రంగు. నీలం, పసుపు, తెలుపు... ఈగ తన రంగు చూసుకుని తన ఇంట్లోకి పోతుంది. రంగులు వేసేది సవేతా. ప్రతి వసంతంలో వేస్తుంది.

ఈ వసంతంలో వెయ్యలేదు.

"పూత రాలిపోయేదాకా ఉంటాను," అంది. "ఆ తర్వాత బ్రయిలా పట్నం పోతాను, మా చెల్లెలి దగ్గరికి. దానింట్లో కుళాయి తిప్పితే నీళ్ళొస్తాయి. మనిషిని పలకరిస్తే మనిషి పలుకుతుంది."

ఇలారీ ఈగల్ని శాంతపరిచే పొగడబ్బాలో పుచ్చుకట్టె ముక్కలు వేస్తున్నాడు. వేస్తూనే ఉన్నాడు.

"ఇదిగో, ఇదే! ఆ పెట్టెల దగ్గర కూర్చుని గంటలు గంటలు గొణుగుతావు. నా దగ్గరికి వచ్చేసరికి నోట్లో ఏం పోసుకుంటావో ఏమో."

ఉండమని అందామనుకున్నాడు. పొగడబ్బా మూత పెట్టాడు. మళ్ళీ తీశాడు.

సవేతా సూట్‌కేసు సర్దుకుని మంచం కిందికి తోసింది.

పూత రాలకముందే నీళ్ళు వచ్చాయి.

వాన ఇక్కడ పడలేదు. ఎక్కడో పైన పడింది. ఇక్కడ ఎండ, మంచి ఎండ. ఈగలు పూల మీద ఉన్నాయి. చెట్ల మొదళ్ళలోకి నీళ్ళు చప్పుడు లేకుండా వచ్చాయి — పాలగిన్నె దగ్గరికి పిల్లి వచ్చినట్టు. గడ్డి మునిగింది. బండి చక్రాలు సగం మునిగాయి.

గట్టు మీద చేపలు పట్టుకునే అర్త్యోమ్, తమ్ముడి ట్రాక్టరు వేసుకుని వచ్చాడు.

"మామా, గొలుసు తగిలించు! ఇంకాసేపు ఇలాగే నిలబడితే నీ ఈగలకి ఈత నేర్పాలి."

"సాయంత్రం దాకా ఆగలేమా? సగం బయటే ఉన్నాయి."

"నది నా మేనమామా, నేను ఆగమంటే ఆగడానికి?"

తేనె పని చేసేవాళ్ళెవరూ పగలు బండి కదపరు. ఈగలన్నీ ఇల్లు చేరాక కదుపుతారు. కదిపితే దూరంగా, వాటికి తెలియని నేలకి. దగ్గరలోకి జరిపితే ఈగ పాత జాగాకే పోతుంది. ఈగకి ఇల్లంటే పెట్టె కాదు, జాగా.

ఇలారీ పగలు కదిపాడు. దగ్గరకే కదిపాడు.

గుమ్మాలన్నీ మూసి, ట్రాక్టరుతో లాగించి, గుట్ట ఎక్కించాడు. కేక వేస్తే వినబడే దూరం. దూరం పోయే బాట అప్పటికే మునిగింది.

ఈగలు తిరిగి రావడం మొదలైంది. కడుపు నిండా తేనె మోసుకుని, బండి ఉన్న చోటికి.

అక్కడ నీళ్ళు.

నీళ్ళ మీద, గుమ్మాలు ఉండాల్సిన ఎత్తున, గాలిలో ఆగి తిరిగాయి. బండి పొడుగునా. రెండు పక్కలా. ఎదురెండలో ఈగలతోనే బండి కట్టినట్టు కనబడింది.

గోడలున్నాయి. గుమ్మాలు లేవు.

"అయ్యో తల్లీ," అంది సవేతా గుట్ట మీద నుంచి. "తలుపు వెతుక్కుంటున్నాయి."

అలసినవి నీళ్ళలో పడుతున్నాయి. ఒకటి... ఇంకొకటి... చేపలు పైకొచ్చి మింగుతున్నాయి.

అర్త్యోమ్ పడవ తెచ్చాడు.

"పుట్టి బుద్ధెరిగాక చేపలకి తప్ప పడవ తియ్యలేదు. ఈగలు పట్టడానికి పోయానని మావాళ్ళకి చెప్పకు అత్తా, పరువు పోతుంది."

ఇలారీ పసుపు గుమ్మం పెట్టె దించాడు. అది ఈగలు తక్కువై బలం లేని పెట్టె. దానికి పనివాళ్ళు కావాలి. తేనె మోసుకుని వచ్చిన ఈగని ఏ గుమ్మం దగ్గరి కాపలా ఈగైనా రానిస్తుంది. ఖాళీగా వచ్చినదాన్నే తరుముతుంది.

పెట్టె పడవలో నిలవడం లేదు. ఎవరో ఒకరు పట్టుకోవాలి.

సవేతా మోకాలు పట్టుకుని పడవ ఎక్కింది. ఆమెని ఎవరూ అడగలేదు.

"నెమ్మదిగా తొయ్యి అర్త్యోమ్. నాకు ఈత రాదు, ఈయనకి మాట రాదు. నేను మునిగితే నిన్ను పిలిచే దిక్కు కూడా లేదు."

అర్త్యోమ్ పగలబడి నవ్వాడు. ఇలారీ మీసం కూడా కదిలింది.

ఆ రొద మధ్యలో పడవ ఆగింది. అకేసియా కొమ్మకి తాడు కట్టారు. ఇలారీ గుమ్మం తెరిచాడు.

ముందు ఒకటి వాలింది. తర్వాత ఇంకొన్ని. గుమ్మం ముందు బారు కట్టి, తోకలు పైకెత్తి, రెక్కలాడిస్తూ మిగతావాటిని పిలిచాయి. ఆ పిలుపుకి వాన కురిసినట్టు దిగాయి. పెట్టె మీద. పెట్టెని కావలించుకున్న సవేతా చేతుల మీద. ఆమె తలగుడ్డ మీద, చెంప మీద.

సవేతా కదల్లేదు.

ఇలారీ వేలు చాచి, ఆమె కనురెప్ప దగ్గరి ఈగని ఎక్కించుకుని పెట్టె మీద దించాడు. 



పొద్దు వాలేదాకా ఉన్నారు. అన్నీ రాలేదు. చాలావరకు వచ్చాయి.

గుట్ట మీద సవేతా మొక్కజొన్న సంకటి గెలికింది. గొర్రెపాల జున్ను పెట్టింది. అర్త్యోమ్ కడుపునిండా తిని మూతి తుడుచుకున్నాడు.

"పూత రాలిపోయేదాకా ఆగనిక. రేపు పొద్దున నన్ను పడవలో రోడ్డు దాకా దించుతావా అర్త్యోమ్?"

"దించుతాను. సామాను ఎంత ఉంది అత్తా?"

"సూట్‌కేసు ఒక్కటే."

అర్త్యోమ్ ఇలారీ వైపు చూశాడు. ఇలారీ పళ్ళెం వైపు చూశాడు.

"ఎండ ఎక్కాక వస్తాలే," అన్నాడు అర్త్యోమ్. "పొద్దున్నే నాకు వలల పని ఉంది."

తెల్లవారింది.

ఇలారీ కత్తి తీసుకుని గుట్ట వెనక్కి పోయాడు. అకేసియా కొమ్మలు కొట్టాడు, పూలతోనే. మోపు కట్టి భుజాన వేసుకొచ్చాడు. ప్రతి గుమ్మానికి అడ్డంగా ఒక కొమ్మ ఆనించాడు. అప్పుడు తెరిచాడు.

జాగా మారిన బండికి ఇలా చేస్తారు. అలవాటైన ఇంట్లోంచి ఈగ వెనక్కి చూడకుండా పోతుంది. కొమ్మ అడ్డం వస్తే ఆగుతుంది. ఏదో మారిందని వెనక్కి తిరుగుతుంది. గుమ్మం వైపు మొహం పెట్టి, గాలిలో అటూ ఇటూ ఊగుతూ, ఇంటిని కొత్తగా చూసుకుంటుంది. అలా చూసుకున్న ఈగ తిరిగి వస్తుంది.

కొన్ని చూసుకోవు. తిన్నగా పోతాయి.

పెట్టెలన్నీ అయ్యాయి. మోపులో కొమ్మలు అయిపోయాయి.

ఇలారీ మళ్ళీ గుట్ట వెనక్కి పోయాడు. ఇంకొక కొమ్మ కొట్టాడు. బండి చివరికి వచ్చాడు. గది లోపల సూట్‌కేసు మంచం కింద నుంచి జరిగిన చప్పుడు.

కొమ్మని గది తలుపుకి అడ్డంగా ఆనించాడు. పూలు కొన్ని మెట్టు మీద రాలాయి. రాలినవి ఏరలేదు.

దూరంగా పోయి, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

కింద నీళ్ళ మీద అర్త్యోమ్ తెడ్డు చప్పుడు.

తెల్లని తీపి వాసన... చెక్కగోడలో రొద...

తలుపు గడియ కదిలింది.