ఆండాళు గాజులు

"పట్టు! కాళ్లు గట్టిగ పట్టు!" మేనేజర్ కమలాకర్ అరిచాడు.

ఆయా మెర్సీ ఆ ముసలామె మోకాళ్లను నేలకు అదిమిపట్టింది. కమలాకర్ ఆమె చేతిని స్నానాలగది తొట్టి అంచుకేసి కొట్టాడు. గాజులు పగిలాయి. రెండో చెయ్యి కూడా అట్లాగే కొట్టాడు. మట్టెలను కటింగ్ ప్లేయరుతో కత్తిరించాడు. మెడలో పుస్తెలతాడు పట్టి తెంపాడు.

నార్కట్‌పల్లి దాటాక హైవే పక్కనున్న ఆ ఆశ్రమంలో మతిమరుపు జబ్బు ముదిరినవాళ్లను చూసుకుంటారు. ఒంటిమీద గాజులూ గీజులూ ఉంటే గీరుకుంటారట! గీరుకోకుండా కాపాడిన ఆ చేతినుంచి ఇప్పుడు నెత్తురు కారుతోంది. ఏం సంరక్షణ, ఏం సంరక్షణ!

ఆ ముసలామె ఆండాళుకు తన ఊరు గుర్తులేదు, పేరు గుర్తులేదు. గాజులు పగిలి పుస్తెలు తెగితే ఏమైనట్టో మాత్రం గుర్తుంది. పాడు ఆచారం, జబ్బు కూడా దాన్ని చెరపలేకపోయింది. ఆమె నేలమీద కూలబడి గుండెలు బాదుకుంది.

"ఓ నా మొగడో! నన్నిడిసి పోయినవా! ఆఖరికి మొకమన్న సూపియ్యలేదు గదనయ్యో!"

ఆ ఏడుపు మధ్యాహ్నందాకా ఆగలేదు. అప్పుడు చండూరునుంచి ఆమె మొగుడు గండయ్య వచ్చాడు. అతను మగ్గంలో కూర్చుంటే చాలు, ఆమె రోడ్డు మీద లారీలకు ఎదురు నడిచేది. అందుకే గుండె రాయి చేసుకుని ఇక్కడ చేర్చాడు.

"ఆండాళూ, నేనే. జర నా దిక్కు సూడు."

ఆమె గుర్తుపట్టలేదు. రెండు చేతులూ జోడించింది. "అన్నా, సావుకొచ్చినవా? మా ఆయినెను లేపిండ్రా? జర ఆగుమనవే, ఒక్కపారి మొకం జూస్త."

గండయ్య బోసిగా ఉన్న ఆమె మెడ చూశాడు, చేతులు చూశాడు. "ఏం జేసిండ్రురా నా పెండ్లాన్ని!" అంటూ పోయి కమలాకర్ కాలరు పట్టుకున్నాడు. కమలాకర్ ఒక్క తోపు తోశాడు. ముసలాయన తలుపుకు గుద్దుకుని పడ్డాడు, నుదురు చిట్లింది. ఆండాళు కేకలు పెడితే కమలాకర్ ఆమె చెంప పగలగొట్టాడు. ఆగక మళ్లీ కొట్టాడు.

"నోర్ముయ్! మెర్సీ, దీన్ని మంచానికి కట్టెయ్!"

మెర్సీ కదల్లేదు. ఆమె ఇల్లు గడిచేది ఈ నౌకరీతోనే.

"కట్ట సార్."

"ఏందీ?"

"కట్ట. ఆమె మొగడు బతికే ఉన్నడు. ఆమెకు ఆయినెను సంపింది మనమే."

"మనమా? పొద్దుగాల కాళ్లు పట్టింది నువ్వు గాదే?"

మెర్సీ సిగ్గుతో చచ్చిపోయింది. అయినా తల దించలేదు.

"పట్టిన," అంది. "ఇగ పట్ట."

కమలాకర్ ఆమె మీదికి చెయ్యెత్తాడు. ఆమె పక్కకు తప్పుకోలేదు. ఆమె వెనకాల గండయ్య నేలమీద పాక్కుంటూ వచ్చి, గుండెలు బాదుకుంటున్న పెళ్లాం చేతులు పట్టుకున్నాడు. ఆండాళు విదిలించుకుంది.

"ఇడువన్నా, నన్ను ఏడ్వనియ్యి. ఇంక నాకెవరున్నరు?"