తెల్లగా వచ్చిన ఫిల్టరు

హయత్‌నగర్ దాటాక జోగారావుగారి కార్ఖానా ఉంది. పాత గుడ్డలు చీల్చి పరుపుల్లోకి దూది చేస్తారు. అక్కడి గాలిలో దుమ్ము ఎంతుందో కొలవడానికి నేను దిల్‌సుఖ్‌నగర్ నుంచి వెళ్లాను. హద్దు దాటితే దుమ్మును బయటికి లాగేసే ఫ్యాన్లు పెట్టిస్తానని, దాటకపోతే మళ్లీ ఆ మాటెత్తొద్దని ఆయన పనివాళ్ల ముందే తేల్చేశారు. అది భూలక్ష్మికి తగలాలని అన్న మాట. మిషన్లో గుడ్డలు వేసే ఆమెకు ఆదివారం సెలవయ్యాక సోమవారం పనిలోకి రాగానే ఛాతీ పట్టేస్తుంది. ఫ్యాన్లు కావాలని అడిగింది ఆమే.

పొద్దున ఆమె నడుముకు గాలిని లాగే చిన్న పంపు కట్టి, దాని గొట్టం చివరనున్న ఫిల్టరును మెడ దగ్గర పిన్నుతో పెట్టాను. సాయంత్రం దాకా తీయొద్దని, ఖరీదైనదని, జాగ్రత్తని చెప్పాను. ఆ చివరి ముక్క చెప్పకుండా ఉండాల్సింది. మనం టీవీ రిమోటుకే కవరు తొడిగే జనం.

సాయంత్రానికి ఆమె కనుబొమల మీద కూడా బూడిదరంగు నూగు పేరుకుంది. ఫిల్టరు మాత్రం మల్లెపువ్వులా ఉంది. జోగారావుగారి ముఖం వెలిగిపోయింది. మా గాలి బంగారమండీ అన్నారు. నాకు ఒళ్లు మండింది. మధ్యలో తీశావా అని భూలక్ష్మినే గద్దించాను.

"తియ్యలే మేడం. గీ దుమ్ముల ఖరాబైతదని చీరల దుకాణం కవరు తొడిగిన. గిప్పుడే తీసిన."

దానిమీద ఈగ వాలనివ్వలేదన్న గర్వం ఆమెది. దుమ్ము పట్టడమే దాని పని అని చెప్పాక ముఖం పాలిపోయింది. కొలత ఒక్కసారే అనుకున్నాం కదా అని జోగారావుగారు పట్టుబట్టారు. కవరులో గాలికి నేను సంతకం పెట్టనన్నాను. కాసేపు గొణిగి, మర్నాడు రమ్మన్నారు.

మర్నాడు సాయంత్రం ఫిల్టరు మసిగుడ్డలా వచ్చింది. ఇంకా తూకం వేయాలి గానీ, చూసినవాళ్లకు తూకంతో పనిలేదు. జోగారావుగారు ఫ్యాన్లవాళ్లకు ఫోన్ చేయడానికి బయటికి నడిచారు. భూలక్ష్మి సంతోషిస్తుందనుకున్నాను. ఆమె ఫిల్టరు వైపే చూస్తూ నిలబడిపోయింది.

"గిది ఒక్క దినందేనా మేడం?"

అవునన్నాను.

"నేనొచ్చి పదకొండేండ్లాయె," అంది.