బడి జాగాలో పోసిన ముగ్గు

"ఇంట్ల ముసలోళ్ళెవరన్న ఉన్నరా?"

రాళ్ళవాగులో కిరాయి ఇల్లు అడగబోయిన ఎవరికైనా ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఇది. నకిరేకల్ దాటాక, హైవే నడిమి నుంచి పోయి రెండు ముక్కలైన చిన్న పట్నం రాళ్ళవాగు. అక్కడి ఇంటి ఓనర్లు కులం అడుగుతారు, వండే కూర అడుగుతారు, కానీ అవన్నీ తర్వాత. ముందు ముసలివాళ్ళ సంగతి తేలాలి. వినేవాళ్ళకు ఇందులో తప్పేమీ కనబడదు. పెద్దవాళ్ళకు మెట్లు ఎక్కడం కష్టమని అడుగుతున్నాడేమో, ఎంత మంచి ఓనరో అనుకుంటాం. అసలు సంగతి వేరు. కిరాయి ఇంట్లో చావు జరగకూడదు. జరిగితే ఇంటికి మైల అంటారు, ఆ గదికి మళ్ళీ మనిషి దొరకడని ఓనరు భయం. అందుకే ముసలివాళ్ళున్న ఇంటికి ఆ ఊళ్ళో తాళం చెవి అంత తొందరగా చేతికి రాదు.

నాగులమ్మ ఆ ప్రశ్నకు ఎప్పుడూ నిజమే చెప్పేది. "మా అత్త ఉన్నదయ్యా. పెద్దదే గని గట్టిగనే ఉంటది," అనేది. అట్లా నిజం చెప్పి చెప్పి, చివరికి హైవేకు ఇవతల ఒక రేకుల గది సంపాదించింది. భర్త సైదులు మార్కెట్ యార్డులో హమాలీ. ఆమె పత్తి ఏరడానికీ, నాట్లకూ కూలికి పోయేది. ఒక్కతే కూతురు రూప, ఇంటికి దగ్గరలోనే ఉన్న సర్కారు హైస్కూల్లో ఆరో తరగతి.

ఆ అత్త ఒకరోజు నల్లగొండ దవాఖానలో కన్నుమూసింది. ఆటోలో శవాన్ని తెచ్చేసరికి ఇంటి ఓనరు గేటుకు అడ్డంగా నిలబడి ఉన్నాడు. తిట్టలేదు, అరవలేదు. ఎంతో మర్యాదగా చెప్పాడు. "నన్నేమనకు సైదులు. లోపలికి మాత్రం తేవొద్దు. అయ్యేదంతా బయట్నే కానియ్యుర్రి."

చిన్నప్పటి నుంచి బస్తాలు మోసిన సైదులు, తల్లిని రెండు చేతుల మీద పెట్టుకుని వీధిలో నిలబడిపోయాడు. ఎక్కడ దించాలో తెలియదు. మురుగు మోరీ పక్కన టార్పాలిన్ కట్టుకుందామని ఎవరో అన్నారు.

అప్పుడు ఎదురింటి ఇనుప గేటు తెరుచుకుంది. ఆ వాడలో జాకెట్లు కుట్టే లాడ్లీ బేగం ఇల్లు అది. రెండు గదులు, ముందర కాస్త వాకిలి, అంతే.

"ఈడికి తీస్కరా సైదులు. నా వాకిట్ల పండవెట్టు," అంది ఆమె.

తన చాప తెచ్చి పరిచింది. పొయ్యి మీద నీళ్ళు కాగబెట్టింది. ముసలమ్మకు ఆఖరి స్నానం ఆ తురకామె వాకిట్లోనే జరిగింది. డప్పులు కూడా అక్కడి నుంచే లేచాయి. ఆ రోజు లాడ్లీ బేగం చేసినది సొంత అక్క కూడా చేయదని నాగులమ్మ పదిమందికీ చెప్పుకుంది.

ఆ రోజే ఆమె మనసులో ఒక కోరిక పడింది. మంచం పట్టేంత జాగా అయినా సరే, తనదై ఉండాలి. బతికినన్నాళ్ళూ కిరాయి కొంపల్లో బతికినా, చచ్చిన రోజున ఎవరి గేటు ముందరా నిలబడకుండా ఉండాలి. ఈ కోరికను చూసి నవ్వకండి. సొంత ఇంట్లో పుట్టి సొంత ఇంట్లో పోయేవాళ్ళకు దీని బరువు అందదు.

కొన్నాళ్ళకు మున్సిపాలిటీ ఓట్లు వచ్చాయి. ఆ వార్డు నుంచి లాడ్లీ బేగం నిలబడింది. పార్టీ లేదు, జెండా లేదు. కుట్టు మిషన్ గుర్తు. బోరింగు కాడ ఆడవాళ్ళు బిందెలతో నిలబడితే, వాళ్ళ మధ్యనే నిలబడి మాట్లాడేది.

"గుట్ట కింద సర్కారు జాగా ఉన్నది. దానికి ఫెన్సింగ్ ఎవరేసిండ్రో మీకూ ఎరుకే, నాకూ ఎరుకే. కౌన్సిల్ల కొట్లాడి ఆ జాగల పేదోళ్ళకు ఇండ్లు అడుగుత. బడి గ్రౌండు జోలికి మాత్రం ఎవ్వలం పోవద్దు. బడికి గోడ గావాలె, ఆడపిల్లల బాత్రూంల నీళ్ళు గావాలె, లెక్కల సారు గావాలె. అన్నీ రేపే అయితయని నేను చెప్పను. జర టైం పడతది."

ఆ చివరి మాటే ఆమెను ముంచింది. ఓట్ల నాడు టైం పడుతుందని చెప్పే మనిషిని ఎవరు నమ్ముతారు? నిజం చెప్పడం వచ్చు గానీ, పాపం, ఓట్లు అడగడం రాలేదు ఆమెకు.

ఆమె మీద నిలబడింది అంజన్న. ప్లాట్ల వ్యాపారం. ఆ వీధుల్లోనే పెరిగినవాడు, పెళ్ళికీ చావుకూ ముందుండేవాడు, నోట్లో నాలుక లేనట్టు మాట్లాడేవాడు. గుట్ట కింద ఫెన్సింగ్ ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు. ఒకరోజు అతను నాగులమ్మ గడపలోనే కూర్చున్నాడు.

"వదినా, మీ అత్త శవం వీధిల నిలవడ్డనాడు నాకు మూడొద్దులు అన్నం సయించలే. బడి గ్రౌండు ఖాళీగనే పడి ఉన్నది గదా. పిల్లలకు అంత జాగా ఏం జేసుకోను? మీరంతా పోయి ముగ్గు పోసుకోండ్రి. నేను గెలుస్త, పట్టాలిప్పిస్త. పోసిన ముగ్గును ఎవ్వడు తుడుస్తడో నేను సూస్త."

ఇల్లు కట్టుకునే జాగాలో నాలుగు మూలలా మేకులు కొట్టి, తాడు లాగి, సున్నప్పిండితో గీత పోయడాన్నే అక్కడ ముగ్గు పోయడం అంటారు. పసుపూ కుంకుమా చల్లి కొబ్బరికాయ కొడితే అది ఇంటి కింద లెక్కే. పోసిన ముగ్గును విడిచిపెడితే ఇంటికి కీడని, కొంప నిలవదని అక్కడివాళ్ళ నమ్మకం. అంజన్నకు ఆ నమ్మకం బాగా తెలుసు.

విషయం తెలిసి లాడ్లీ బేగం పరుగున వచ్చింది. "నాగులమ్మా, ఆగు చెల్లె. అది రూప బడి. అండ్ల గుడిసెలు లేస్తే బడిని లేపుతరు. బడి లేచినంక మిమ్ముల లేపుతరు. జర నా మాటిను."

వాడకట్టు ఆడవాళ్ళంతా చూస్తున్నారు. నాగులమ్మ చేతిలో ముగ్గు తట్ట ఉంది. ఆ క్షణాన ఆమె నోటి నుంచి వచ్చిన మాటను ఆమె తర్వాత ఎన్నిసార్లు తలుచుకుని ఏడ్చిందో చెప్పలేను.

"నీకు ఇల్లున్నదక్కా. ఇల్లున్నోళ్ళకు బడి ముద్దొస్తది."

ఏ వాకిట్లో మీ అత్తను పండబెట్టుకున్నావో ఆ వాకిలే కదా నా ఇల్లంటే అని లాడ్లీ బేగం అడగవచ్చు. అడగలేదు. కొంగు తల మీదికి లాక్కుని వెనక్కి నడిచింది.

ఆ మధ్యాహ్నం గ్రౌండు నిండా తెల్లటి గీతలు లేచాయి. తాడు రెండో కొస పట్టుకున్నది రూపే.

"అమ్మా, గిది మేము ప్రేయర్‌కు నిలవడే జాగ," అంది.

"మంచిదే గదనే. ఇల్లు గట్టినంక మంచం దిగితే బడే నీకు," అంది నాగులమ్మ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖంలో ఎంత వెలుగుందో! అంత సంతోషంగా తల్లిని రూప అంతకు ముందు చూడలేదు.

అంజన్న గెలిచాడు. లాడ్లీ బేగంకు ఆమె కుట్టిన జాకెట్లు వేసుకున్నవాళ్ళు కూడా ఓటు వేయలేదు. గీతల మీద తడికెలు లేచాయి, పాత చీరలు గోడలయ్యాయి. హెడ్మాస్టరు డానియల్ సారు గుడిసె గుడిసెకూ తిరిగి బతిమాలాడు. "అమ్మా, గ్రౌండు లేని బడిని ఆఫీసర్లు ఉంచరు. మీ పిల్లల కోసమన్న పక్కకు జరగండి," అని చేతులు జోడించాడు. ఆడవాళ్ళు ఒకటే మాట అన్నారు. "పోసిన ముగ్గును ఎట్ల ఇడిసిపెడ్తం సారూ? కీడు గాదా?"

అంతలో కరోనా వచ్చింది. బడి మూతపడింది. తలుపులు మూసిన బడి వరండా దాకా గుడిసెలు పాకాయి. మళ్ళీ బడులు తెరిచే నాటికి పై ఆఫీసర్లు వచ్చి చూశారు. ఆటస్థలం లేదు, పిల్లలు నడిచే దారి లేదు, తరగతి కిటికీ కింద పొయ్యిలు మండుతున్నాయి. ఇక్కడ బడి నడవదని, దాన్ని హైవే అవతలి బడిలో కలిపేశారు. డానియల్ సారు గంటను విప్పి ఆటోలో పెట్టుకుని పోతుంటే గుడిసెల ముందర ఆడవాళ్ళు చూస్తూ కూర్చున్నారు. బడి పోతే ఇంకా జాగా మిగులుతుందని సంబరపడ్డవాళ్ళూ ఉన్నారు.

ఆ సంబరం ఎన్నాళ్ళో లేదు. బడి పోయాక జేసీబీ వచ్చింది. సర్కారు జాగాలో గుడిసెలేమిటన్నారు. సున్నపు గీతలూ, పసుపు చల్లిన మూలలూ, వాటి మధ్య పొయ్యిలూ అన్నీ ఒక్క పొద్దులో చదునయ్యాయి. బడి లేదు కాబట్టి ఆ జాగా ఊరికే పడి ఉన్నదని, పాత బడి గదులు కూల్చి అక్కడ షాపింగ్ కాంప్లెక్స్ కట్టాలని కౌన్సిల్లో తీర్మానం పెట్టారు. మొదట చెయ్యెత్తినవాడు అంజన్న.

"నేనేం జేస్త వదినా, పైనుంచి ఆర్డరు," అన్నాడు. అప్పుడు కూడా ఎంతో మెత్తగానే అన్నాడు.

అవతలి బడికి పోవాలంటే హైవే దాటాలి. కింద దారి లేదు, పైన వంతెన లేదు. హైదరాబాద్, విజయవాడ లారీలు ఆగేవి కావు. మొదటి నెలలోనే ఒక పిల్లవాడి కాలు విరిగింది. రోడ్డు పక్కనే మందు దుకాణం, దాని ముందర పొద్దున్నుంచీ మగవాళ్ళు. నాగులమ్మ తెల్లారకముందే కూలికి పోవాలి, సైదులు యార్డుకు పోవాలి. పిల్లను రోడ్డు దాటించేవాళ్ళు లేరు.

"కొన్ని దినాలు ఆగు బిడ్డా. రోడ్డుకు ఏదన్న జేస్తరంట," అంది నాగులమ్మ.

రూప ఆగింది. ఆగినన్నాళ్ళు తల్లి వెంట పత్తి ఏరడానికి పోయింది. పుస్తకాల సంచిని ఒక ఏడు గోడకు వేలాడదీసి ఉంచుకుంది. తర్వాత ఆ సంచిలోనే సద్ది గిన్నె పెట్టుకుని పోవడం మొదలుపెట్టింది. అట్లా ఎనిమిదో తరగతి మొదట్లోనే ఆ పిల్ల చదువు తెల్లారిపోయింది. ఆగమన్న తల్లి కూడా తర్వాత బడి మాట ఎత్తలేదు.

కాంప్లెక్స్ లేచాక అందులోని బట్టల దుకాణంలో రూపకు పని దొరికింది. ఒకరోజు కూలి లేక నాగులమ్మ కూతురికి అన్నం గిన్నె పట్టుకుని పోయింది. అద్దాల తలుపు తోసుకుని భయం భయంగా లోపలికి అడుగుపెట్టింది. చల్లటి గాలి, వెలుగులు, చీరల దొంతరలు. ఒక మూలన రూప నిలబడి ఉంది.

"కూసోరాదు బిడ్డా, జరసేపు. కాళ్ళు ఉబ్బినయ్ సూడు," అంది తల్లి.

"కూసోనియ్యరమ్మా. గిరాకీ లేకున్న నిలవడే ఉండాలె." రూప చుట్టూ ఒకసారి చూసి, గొంతు తగ్గించింది. "నీకెరుకనా అమ్మా? గిది మా ఆరో తరగతి రూం. గీ మూలకే నా బెంచి ఉండె."

కోపంతో అనలేదు ఆ మాట. ఊరికే గుర్తుచేసింది. నాగులమ్మ గిన్నె కింద పెట్టి బయటికి వచ్చి, మెట్ల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. తన కూతురికి ఈ ఊళ్ళో కూర్చోవడానికి ఒక్క బెంచి ఉండేది. ఆ బడి నేల మీద తానే ముగ్గు పోసి ఇంకొకరికి అప్పజెప్పింది. ఇల్లూ రాలేదు. ఆమె ఇంకా ఆ రేకుల గదిలోనే ఉంది.

అక్కడి నుంచి ఆమె నేరుగా లాడ్లీ బేగం ఇంటికి పోయింది. చూపు మందగించి మిషన్ మూలన పెట్టేసింది లాడ్లీ బేగం. నాగులమ్మ ఆ వాకిట్లో, అత్తను పండబెట్టిన చోటనే కూర్చుంది. "అక్కా, ఆనాడు నిన్ను ఎంత మాటన్న," అంది.

"ఇల్లు గావాలన్నవు. అది తప్పెట్లయితది?" అంది లాడ్లీ బేగం. "తినిపో. పొద్దటి సంది ఏం తిన్నట్టు లేవు."

మొన్న మళ్ళీ ఓట్లు వచ్చాయి. లాడ్లీ బేగం ఈసారి నిలబడలేదు. అంజన్న బోరింగు కాడికి వచ్చాడు. ఈసారి హైవే అవతలి బడి వెనక చాలా జాగా ఖాళీగా ఉందట. కొత్తగా కిరాయికి వచ్చిన ఆడవాళ్ళు కళ్ళు విప్పార్చుకుని వింటున్నారు. అప్పుడే కొందరి చేతుల్లో ముగ్గు తట్టలున్నాయి.

నాగులమ్మ బిందె దించి ముందుకు వచ్చింది. పదిమందిలో మాట్లాడటం ఎరగని మనిషి ఆమె. అంజన్న వైపు చూడలేదు. ఆ తట్టల వైపే చూస్తూ మాట్లాడింది.

"నేను గిట్లనే ముగ్గు పోసిన. నా బిడ్డనే తాడు పట్టింది. ఇయ్యాల ఆమె తన బడి జాగల పొద్దుందాక నిలవడి చీరలు మడత పెడుతున్నది. ఇల్లు అడుగుర్రి, గట్టిగ అడుగుర్రి, అది మన హక్కు. బడి కూడా మన హక్కే. గుట్ట కింద జాగ ఎందుకియ్యవని అడుగుర్రి ఈయన్ని."

కొందరు తట్టలు కింద పెట్టారు. కొందరు పెట్టలేదు. అంజన్న నవ్వుతూ ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు.

"బడి జాగల ఇల్లిస్తనన్నోడు మనకేం ఇస్తలేడమ్మా. మన పిల్లల చేతుల ముద్ద గుంజి, మన పళ్ళెంల పెట్టి, ఆఖరికి పళ్ళెం కూడా ఆయనే ఎత్తుకపోతడు."