పదకొండున్నర డ్రాఫ్టు

వకీళ్ళ ఆఫీసుల్లో గుమాస్తాని మించిన పాపాత్ములు ఉండరు. నమ్మకపోతే గడువు దాటిన ఏ కేసు కాయితమైనా తీసి చదవండి. "మా గుమాస్తా కాయితాలు వేరే కట్టలో కలిపేయడం వల్ల", "మా గుమాస్తా అజాగ్రత్త వల్ల", "మా గుమాస్తాకి జ్వరం రావడం వల్ల ఆలస్యమైనది, మన్నించ ప్రార్థన." కోర్టువారు కూడా ఇదో ఆచారమన్నట్టు చూసీ చూడనట్టు మన్నించేస్తారు. దక్షిణామూర్తి గారి ఆఫీసులో ఇరవై రెండేళ్ళుగా ఇలాంటివి నా చేత్తోనే ఎన్నో టైపు చేశాను. ఆ పేరులేని గుమాస్తాకి ఎన్నిసార్లు జ్వరం తెప్పించానో నాకే గుర్తులేదు. నవ్వుకుంటూ కొట్టేదాన్ని. ఆ ఆఫీసులో గుమాస్తాని నేనొక్కదాన్నే అయినా, ఆ మనిషి నేనని ఏనాడూ అనుకోలేదు.

నా పేరు సత్యవేణి. బలిఘట్టం నుంచి రోజూ ఆటోలో నర్సీపట్నం కోర్టు వీధికి వస్తాను. మా ఆఫీసుకి ఉన్నది ఒకటే మెయిల్ అడ్రసు. హైకోర్టు వకీలు గారి దగ్గర్నుంచి ఏది రావాలన్నా దానికే రావాలి. దాన్ని బ్రౌజర్లో తెరిచి చూసేవాళ్ళం. మా వీధిలో నాలుగు చినుకులు పడితే నెట్ పోతుంది, నెట్ పోతే పాత ఉత్తరం కూడా కనపడదు. నవంబరులో సార్ విసుగెత్తి, "మిషన్లోనే ఉండే మెయిల్ ప్రోగ్రాము ఏదన్నా చూడమ్మా" అన్నారు.

నాకు పని చెబితే సగంలో వదలను. వారం రోజులు ఇంటి దగ్గర వీడియోలు చూశాను. నెట్ లేకపోయినా పాత ఉత్తరాలు తెరుచుకోవాలి. సార్ గదిలో, నా బల్ల మీద ఒకేలా కనపడాలి. తెలుగు అక్షరాలు ముక్కలు కాకూడదు. అన్నీ చూసుకుని థండర్‌బర్డ్ అనే ప్రోగ్రాము పెట్టుకుందామని తేల్చాను. పైసా ఖర్చు లేదు.

హేమసుందర్ ఒప్పుకుంటేనా! ఇతను సార్ చెల్లెలి కొడుకు. వైజాగ్‌లో లా చదివి, కిందటేడు నల్లకోటు వేసుకుని మా ఆఫీసులో దిగాడు. వయసు ఇరవై ఏడు, పొగరు డెబ్బై.

"ఊరికే వచ్చే ప్రోగ్రాములు స్కూలు పిల్లలకి సత్యవేణి గారూ. మనది లా ఆఫీసు," అన్నాడు. తన లాప్‌టాప్‌లో డబ్బు పెట్టి కొన్నది వేరే ఉందట. ఆఫీసు మెయిల్ అందులో పెట్టుకుంటాడట.

"ఏదైతే ఏటి బాబూ, మీ ఇష్టం. పెట్టీటప్పుడు ఒక్కటి సూసుకోండి," అన్నాను. "ఐమాప్ కావాలా, పాప్ కావాలా అని అడుగుతాది. ఐమాప్ అంటే ఉత్తరం సర్వర్లోనే ఉంటాది, అందరికీ కనపడతాది. పాప్ పెట్టి ఊరుకుంటే ఉత్తరాలన్నీ మీ లాప్‌టాప్‌లోకి దిగిపోయి, సర్వర్లో తుడిసిపెట్టుకుపోతాయి. ఇక్కడ మాకేటీ మిగల్దు."

"గుమాస్తాలు ఎప్పట్నుంచి ఇంజనీర్లయ్యారు?" అన్నాడు. ఎదురుగా ఇద్దరు క్లయింట్లు కూర్చుని ఉన్నారు. వాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. నోరు మూసుకున్నాను, అదే నా తప్పు.

అతను పాప్ పెట్టాడు. ఎందుకంటే నేను వద్దన్నాను కాబట్టి. ఇంతకంటే కారణం లేదు.

ఆ రోజు నుంచి ఆఫీసు మిషన్‌కి మెయిళ్ళు రావడం మానేశాయి. రెండు రోజులు చూశాను, నాలుగు రోజులు చూశాను. సార్‌తో చెప్పాను. "హేమని అడుగు," అన్నారు. హేమని అడిగితే, "రాకపోతే నన్నేం చెయ్యమంటారు, నేను రాసి పంపనా?" అన్నాడు. మళ్ళీ సార్ దగ్గరకి వెళ్ళాను. "వాడు చూసుకుంటాడులే సత్యవేణీ, నీకెందుకు?" అన్నారు. హేమ చూసుకున్నది ఏమిటంటే లంబసింగి మంచు. స్నేహితులతో పోయి, అటునించటు అరకు పోయి, వారం తర్వాత దిగాడు. లాప్‌టాప్ సంచిలోంచి బయటకి తీయనే లేదు.

ఆ లాప్‌టాప్‌లో మా క్లయింటు చినబాబు గారి ఎనిమిదెకరాల జీడితోట ఉండిపోయింది. ఎస్. రాయవరం దగ్గర తోట అది, దాయాదులతో తగువు. హైకోర్టులో అప్పీలు వెయ్యాలి, అఫిడవిట్ మీద చినబాబు గారి చేత సంతకం పెట్టించి డిసెంబరు పదో తారీకులోగా పంపండని అక్కడి వకీలు గారు రాసిన మెయిల్ అందులోకే దిగింది. పదో తారీకు వెళ్ళిపోయింది. పన్నెండున ఆ వకీలు గారే ఫోన్ చేసి, "ఏమయ్యా దక్షిణామూర్తీ, అప్పీలు వద్దా?" అని అడిగితే గాని మాకు సంగతి తెలియలేదు.

చినబాబు గారు మర్నాడు పొద్దున్నే బస్సు దిగి తిన్నగా వచ్చారు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"సంతకం ఎట్టమంటే పరిగెత్తుకొచ్చీవోడిని కానా? ఒక్క ఫోను కొట్నేకపోయారా? నా తోట పోతే మీరిస్తారేటి?" అని అరిచారు. వీధిలోవాళ్ళు తొంగిచూశారు. "ఎవులు సేసినారీ పని? ఆ మనిషి ఇంక ఈ ఆఫీసులో ఉండకూడదు. తీసీసినామని కాయితం మీద సూపించండి. నేకపోతే నాను బార్ కౌన్సిల్ ఓళ్ళకి రాస్తాను, సెప్తన్నాను."

సార్ చేతులు పట్టుకుని బతిమాలారు. ఆలస్యానికి కారణం రాసి పంపితే హైకోర్టువారు మన్నిస్తారని, ఎవరి తప్పో తేల్చి వాళ్ళని పంపించేస్తానని మాటిచ్చి, అఫిడవిట్ మీద సంతకం పెట్టించుకున్నారు. చినబాబు గారి కోపంలో న్యాయముంది. ఎవరో ఒకరు పోవాలి. నేను ధైర్యంగానే ఉన్నాను, ఎందుకంటే సార్‌కి నిజం తెలుసు. రెండుసార్లు చెప్పాను కదా.

అప్పుడు గాని నా థండర్‌బర్డ్ గుర్తురాలేదు సార్‌కి. పదిహేనో తారీకు సోమవారం పొద్దున్న, "నువ్వు చెప్పిందే పెట్టమ్మా, నా మిషన్లోనూ నీ మిషన్లోనూ. ఇంక ఏదీ ఎవరికీ కనపడకుండా పోకూడదు," అన్నారు. హేమ లాప్‌టాప్‌లో దిగిన ఉత్తరాలన్నీ వెనక్కి ఎక్కించి, దాంట్లోంచి ఆఫీసు మెయిల్ పీకేశాను. అతను గోళ్ళు కొరుక్కుంటూ చూస్తూ నిలబడ్డాడు. రెండు మిషన్లలోనూ ఐమాప్ పెట్టాను. వచ్చినవి, పంపినవి, సగం రాసి వదిలేసిన డ్రాఫ్టులు, అన్నీ సర్వర్లోనే ఉండేట్టు చేశాను. నా మిషన్లో మాత్రం సొంతానికో ఫోల్డరు ఉంది. అందులో వేసింది ఇంకెవరికీ కనపడదు, ఎవరు తుడిచినా పోదు. గంటన్నర పట్టింది. సార్ గదిలోంచి "పరీక్ష" అని రాసి పంపితే నా బల్ల మీద టక్కున కనపడింది. పండగలా అనిపించింది.

మర్నాడు సార్ తలుపు వేసుకుని తనే టైపు చెయ్యడం మొదలుపెట్టారు. ఇరవై రెండేళ్ళలో ఆయన ఉత్తరం చెప్పడం, నేను కొట్టడమే గాని, ఆయన కీబోర్డు ముట్టుకోగా చూడలేదు. ఒక్కో అక్షరం వెతుక్కుని కొడుతున్న చప్పుడు తలుపు ఇవతలకి వినపడుతోంది. నాతో చెప్పకూడని ఉత్తరం ఏమిటబ్బా అనుకున్నాను.

పదకొండున్నరకి నా తెర మీద డ్రాఫ్ట్స్ పక్కన ఒకటి అంకె పడింది. ప్రోగ్రాము రాస్తున్నది రాస్తున్నట్టే కాసేపటికోసారి దాచుకుంటుంది, దాచినది రెండు మిషన్లలోనూ కనపడుతుంది. ఈ సంగతి నాకు తెలుసు, సార్‌కి తెలీదు. దొంగచాటుగా చూశావా అంటే, కాదు, నా బల్ల మీదకి వచ్చింది, చూశాను. ఎవరన్నా చూస్తారు.

హైకోర్టు వకీలు గారికి ఇంగ్లీషులో రాసిన ఉత్తరం. "ఆలస్యానికి కారణం నా జూనియర్. మీ మెయిల్ అతని లాప్‌టాప్‌లోకి దిగింది, అతను చూసుకోలేదు. మెయిళ్ళు రావడం లేదని నా గుమాస్తా సత్యవేణి రెండుసార్లు హెచ్చరించింది. నేను పట్టించుకోలేదు. ఇందులో క్లయింటు తప్పేమీ లేదు." కింద ఆయన పేరు.

నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. ఇన్నేళ్ళలో నా గురించి ఆయన ఒక మంచి ముక్క కాయితం మీద పెట్టడం అదే మొదలు. తుడిచేస్తే మళ్ళీ దొరకదని, దాచుకుందామని, ఒక కాపీ తీసి నా సొంత ఫోల్డర్లో వేసుకున్నాను. ఒట్టు, ఆ నిమిషంలో ఇంకే ఆలోచనా లేదు.

అప్పుడే హేమసుందర్ లోపలికి వెళ్ళాడు. "మావయ్యా, మా అమ్మ ఫోన్లో ఉంది, మాట్లాడు," అనడం వినపడింది. తర్వాత తలుపు వేసేశారు. పావుగంట తర్వాత బయటకి వచ్చి, నా వైపు చూడకుండా బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

పన్నెండింటికి డ్రాఫ్టు మారింది. "మీ మెయిల్ మా ఆఫీసుకి అందినది. నా గుమాస్తా శ్రీమతి సత్యవేణి దానిని నా దృష్టికి తేలేదు. ఆమె నిర్లక్ష్యం రుజువైనందున ఈ నెల ఒకటో తారీకు నుండి ఆమెను పనిలోంచి తొలగించినాను."

ఓలమ్మో! ఇవాళ పదహారు. పదిహేను రోజుల క్రితం తీసేసిన మనిషిని నిన్న ఆయన గదిలో కూర్చుని మెయిల్ ప్రోగ్రాము పెట్టాను. నిర్లక్ష్యం చేసిందని పేరుతో సహా తీసేసిన గుమాస్తాని ఈ కోర్టు వీధిలోనే కాదు, అనకాపల్లిలో కూడా ఎవరూ గుమ్మం ఎక్కనివ్వరు. నలభై ఆరేళ్ళ వయసులో నేనింకేం పని నేర్చుకోను? హేమసుందర్ మీద కంటే సార్ మీద నాకు పదింతలు అసహ్యం వేసింది. వాడికి నిజం రాయడం చేతకాదు. ఈయన రాశాడు, రాసి తుడిచాడు.

"సత్యవేణీ!" అని పిలుపు.

వెళ్ళాను. ఆయన నా ముఖం చూడకుండా మౌస్ నా వైపు జరిపారు. "ఆ అఫిడవిట్ స్కాను దీనికి తగిలించమ్మా. మేటర్ చూడక్కర్లేదు. కాన్ఫిడెన్షియల్."

తగిలించాను. నిటారుగా నిలబడ్డాను.

"ఏది పంపమంటారండీ? పదకొండున్నరదా, పన్నెండుదా?"

ఆయనకి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. అర్థమయ్యాక ముఖం ఎర్రబడింది. "నా ఉత్తరాలు చదువుతున్నావా?"

"ఏదీ ఎవరికీ కనపడకుండా పోకూడదని మీరే అన్నారు కదండీ. పోలేదు."

కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. గొంతు తగ్గించారు. "ఇదంతా ఒట్టి కాయితం సత్యవేణీ. నీకు తెలీదా? ఇలాంటివి ఎన్ని టైపు చెయ్యలేదు నువ్వు? ఆలస్యమంటే గుమాస్తా తప్పని రాయడం ఆనవాయితీ."

"ఆ గుమాస్తాలకి పేరు లేదండీ. దీనికి నా పేరుంది. ఒకటో తారీకున తీసీసినానని కూడా ఉంది. సెప్పండి, నన్ను తీసీసినారా?"

"కొన్నాళ్ళు ఇంట్లో కూర్చో. చినబాబు గారు చల్లబడ్డాక నేనే కబురు పెడతాను."

"ఎన్నాళ్ళు?"

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు.

"పదకొండున్నరప్పుడు మీకు తెలుసు కదండీ ఎవరి తప్పో. అరగంటలో ఏటి మారిపోయింది?"

"వాడి జీవితం నాశనమైపోతుంది. నా చెల్లెలి కొడుకమ్మా!"

"మరి నాదేటండీ? నాది జీవితం కాదేటి?"

గట్టిగానే అరిచాను. బయట బెంచీ మీద ఇద్దరు క్లయింట్లు ఉన్నారు, వినే ఉంటారు, విననీ. సార్ తలుపు వైపు చూశారు, తెర వైపు చూశారు. నేను ఎదురుచూశాను. నా కళ్ళెదుట, నాకు తెలిసిపోయిందని తెలిసి కూడా ఆ మాట అనలేరని, సిగ్గుపడైనా మార్చుకుంటారని ఇంకా నమ్మకం నాకు.

"పన్నెండుదే పంపు," అన్నారు.

మౌస్ మీంచి చెయ్యి తీసేశాను. "నాను నొక్కను. పైన సెండ్ అని ఉంది. మీరే నొక్కండి."

నొక్కారు. కాసేపు తెర వైపు అయోమయంగా చూశారు. ఆయనకి మెయిల్ వెళ్ళిందో లేదో తెలుసుకోవడం కూడా రాదు. తలెత్తి నా ముఖంలోకి చూస్తూ, "వెళ్ళిందామ్మా?" అని నన్నే అడిగారు.

"ఎల్లిందండి," అన్నాను.

నా బల్ల దగ్గరకి వచ్చి కూర్చున్నాను. సొంత ఫోల్డరు తెరిచి, పదకొండున్నర డ్రాఫ్టు తీశాను. దాన్ని నా సొంత మెయిల్ అడ్రసులో పెట్టి, పైన హైకోర్టు వకీలు గారి అడ్రసు కొట్టాను. పక్కనే బార్ కౌన్సిల్ వాళ్ళది కూడా కొట్టాను. కింద, "ఇది పన్నెండింటి ఉత్తరానికి అరగంట ముందు అదే చేత్తో రాసినది. ఇట్లు, ఇవాళ మధ్యాహ్నం దాకా పనిలో ఉన్న గుమాస్తా సత్యవేణి" అని రాశాను.

సెండ్ నొక్కాను. వెళ్ళిందా అని ఎవరినీ అడగలేదు.