ఇక చాలన్న కబురు

ఆ బస్టాండులో ఆమెని అందరూ మైకక్క అనేవారు. ఏ బస్సు ఎక్కడ ఆగిందో, ఏయే ఊళ్ళ మీదుగా పోతుందో గుక్క తిప్పుకోకుండా మైకులో చెప్పడం ఆమె ఉద్యోగం. ఇంట్లో కూడా తనని బస్సెక్కమన్నట్టే పిలుస్తుందని తమ్ముడు వెక్కిరించేవాడు.

ఆ ఇంట్లో ఉండేది వాళ్ళిద్దరే. కింద అక్క. పైన తమ్ముడూ, అతని పందెం పావురాలూ. అతనికి గడియారాలు బాగుచేసే దుకాణం ఉంది కానీ అది పేరుకే. ప్రాణమంతా పావురాల మీదే. ఎంత దూరం తీసుకెళ్ళి వదిలినా అవి తిరిగొచ్చి డాబా మీద వాలితే, తనే ఎగిరొచ్చినంత గర్వపడేవాడు. గూళ్ళు ఊడ్చడం, అతని బట్టలు దులిపి ఉతకడం మాత్రం అక్క వంతు. రెక్కల నుంచి రాలే తెల్లటి పొడి ఆమె జుట్టులో ఎప్పుడూ ఉండేది. మొహానికి రాయాల్సిన పౌడరు తలకి రాసుకొచ్చావేమిటని కండక్టర్లు ఆటపట్టించేవారు.

ముందు పొడిదగ్గు పట్టుకుంది. తర్వాత ఒకనాడు ఊళ్ళ పేర్లు చదువుతూ మధ్యలో ఆగిపోయింది. మైకులోంచి ఆయాసం ఒక్కటే బస్టాండంతా వినిపించింది. బెంచీల మీద జనం విరగబడి నవ్వారు. మళ్ళీ మొదలుపెడితే మళ్ళీ అక్కడే తెగింది. కొద్దిరోజులకే మేనేజరు ఆమెని పోయిన సామాన్లు దాచే గదికి మార్చేశాడు. అక్కడ మాట్లాడే పని లేదు.

డాక్టరమ్మ అక్కాతమ్ముళ్ళిద్దర్నీ కూర్చోబెట్టి ఊపిరితిత్తుల ఫొటో చూపించింది. అడుగు భాగమంతా తెల్లటి గీతలు అల్లుకుని ఉన్నాయి.

"ఒంట్లో కణాలు ఒకదానికొకటి కబుర్లు పంపుకుంటాయి" అంది. "పావురాల రెక్కల పొడి పడనివాళ్ళకి అది లోపలికి పోతే గాయమవుతుంది. గాయమైందని కబురు అందగానే కొన్ని కణాలొచ్చి, బిందె చిల్లుకి వేసినట్టు, మాటు వేస్తాయి. పనయ్యాక ఇక చాలన్న కబురు రావాలి. మీకు రోజూ కొత్త గాయమే. అందుకని ఆ కబురు రావట్లేదు, అవి మాటు మీద మాటు వేస్తూనే ఉన్నాయి. మెత్తగా సాగాల్సింది అట్టలా బిగుసుకుపోతోంది. పావురాలు ఇంట్లో ఉండకూడదు."

తమ్ముడు ఇంటికి రాగానే పావురాలన్నిటినీ బుట్టల్లోకి ఎక్కించాడు. వాటిని పొరుగూరి మిత్రుడికి ఇచ్చాడు. సాయంత్రానికి అన్నీ డాబా మీద ఉన్నాయి. ఇంకా దూరం పంపించాడు. ఒకటీ అరా తప్ప మళ్ళీ వచ్చేశాయి. వచ్చిన ప్రతిసారీ అతని మొహం వెలిగేది. అది చూసి అక్కకి కడుపు మండేది.

"నీకు నేను కావాలా, అవి కావాలా?" అని అడిగేసింది చివరికి. అంత మాట అనడానికి మూడుసార్లు ఆగాల్సొచ్చింది.

అతను పైకి వెళ్ళాడు. ఒక్కోదాన్నీ పట్టుకుని మెడ విరిచి, మెట్ల మీంచి ఆమె గుమ్మంలోకి విసిరాడు. బూడిదరంగు ఆడ పావురం అతనికి ప్రాణం. దాన్ని మాత్రం చేత్తో పట్టుకుని కిందికి తెచ్చి, ఆమె కళ్ళముందే విరిచి ఒళ్ళో పెట్టాడు. అది ఇంకా వెచ్చగా ఉంది.

"తీసుకో. హాయిగా ఊపిరి పీల్చుకో" అన్నాడు.

ఆమెకి ఏడుపు రాలేదు. పీడ విరగడైందని గుండె తేలికపడింది. అలా తేలికపడినందుకు సిగ్గేసింది కూడా. చచ్చిన పక్షుల్ని తనే ఎత్తి పారేసింది. గూళ్ళు కడిగించింది. అతను మాట్లాడటం మానేశాడు. అన్నం పెడితే తినేవాడు, లేకపోతే లేదు. ఊపిరి బాగుపడితే తమ్ముడూ దారికొస్తాడని ఆమె ఆశ.

ఊపిరి బాగుపడలేదు. స్నానం చేసినా ఆయాసమే. మళ్ళీ ఫొటో తీస్తే గీతలు పైకి పాకాయి.

"పావురాలు లేవు కదండీ" అంది అక్క.

"ఇప్పుడు వాటితో పనిలేదమ్మా. గట్టిపడ్డ చోటే పక్క కణాలకి కబురు పంపుతోంది. గాయం లేనిచోట కూడా మాట్లు పడుతున్నాయి. వెనక్కి తిప్పలేం. మందులతో జోరు తగ్గించొచ్చు, అంతే."

తమ్ముడు అప్పుడు నోరు విప్పాడు. "అంటే మేడమ్, చంపినా చంపకపోయినా ఒకటేనా?"

ఒకటి కాదనీ, ముందే తీసేసి ఉంటే బాగుండేదనీ, మళ్ళీ ఆ పొడి తగిలితే ఇంకా తొందరగా ముదురుతుందనీ డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అతను అప్పటికే లేచి బయటికి నడిచాడు.

ఆ తర్వాత ఆక్సిజన్ యంత్రం వచ్చింది. ముక్కుకి గొట్టం పెట్టుకుని అక్క మంచానికి పరిమితమైంది. ఒక మధ్యాహ్నం పైనుంచి గురగురమన్న చప్పుడు వినిపించింది. భ్రమేమో అనుకుంది. ఇంతలో తమ్ముడు గింజల సంచి భుజాన వేసుకుని లోపలికొచ్చాడు. చొక్కా మీద తెల్లటి పొడి. చాన్నాళ్ళకి అతని మొహంలో కళ కనిపించింది.

"రెండు జతలే. పిల్లలు" అన్నాడు. "ఎలాగూ తగ్గదన్నారుగా అక్కా."

వద్దనీ, పొడి గొట్టంలోకి పోతుందనీ, అక్కడే ఆగమనీ చెప్పాలని ఆమె నోరు తెరిచింది. అందులో ఒక్క మాటకి సరిపడా ఊపిరి కూడా అందలేదు. దాహమేస్తోందనుకుని అతను మీదికి వంగి తల ఎత్తిపట్టి నీళ్ళు తాగించాడు. దుప్పటి సర్ది, చొక్కా దులుపుకుని పైకి వెళ్ళిపోయాడు.